పాత ప్లాస్టిక్ మానిఫోల్డ్‌ను బిగించే ముందు

రేణిగుంట రోడ్డులోని మా రిపేరు షెడ్డులో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఇంటేక్ మానిఫోల్డ్‌ను (ఇంజిన్ సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) కడగకుండా బిగించం. ఒకసారి తొందరపడి పైపైన తుడిచి బిగించాను. లోపల ఇరుక్కున్న క్లిప్పు ముక్క వాల్వులోకి జారింది. బండి తిరుమల ఘాట్‌లో ఆగిపోయింది. ఆ ఖర్చంతా నా జేబులోంచే పోయింది.

ముందుగా ప్రెజర్ సెన్సారు, థ్రాటిల్ బాడీ (లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం), గాస్కెట్లు (అతుకుల మధ్య గాలి కారకుండా వేసే పట్టీలు) విప్పి పక్కన పెట్టండి. సెన్సారుకు నీళ్లు తగలకూడదు. ఈ మానిఫోల్డ్‌లు ఎక్కువగా గాజు పీచు కలిపిన నైలాన్‌తో చేసినవి. పెట్రోలుతో కడగవద్దు, నిప్పు భయం ఒకటి, మిగిలిన రబ్బరు సీళ్లు ఉబ్బడం మరొకటి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి అరగంట నానబెడితే జిడ్డు మెత్తబడుతుంది. పాలసీసాలు కడిగే బ్రష్షు గొట్టాల్లోకి చక్కగా దూరుతుంది. మా ఇంట్లోది అలాగే మాయమైంది, ఆ సంగతి వేరు. మసి గట్టిగా ఉంటే నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. ఇనుప బ్రష్షు మాత్రం వద్దు. గాస్కెట్ కూర్చునే చోట గీత పడితే దొంగగాలి దూరి ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరగడం) నిలకడ తప్పుతుంది.

కడిగాక కంప్రెసర్ గాలి కొట్టి, ఒక రాత్రి నీడలో ఆరనివ్వండి. తర్వాత టార్చితో ప్రతి గొట్టంలోకీ చూడండి, బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లు వెతకండి. అంచుపై ఉక్కు స్కేలు ఆనించి వంపు చూడండి. పగిలినా, వంగినా వెనక్కి ఇచ్చేయండి.

గాస్కెట్లు కొత్తవే వేయండి. బోల్టులను మాన్యువల్ చెప్పిన వరుసలో, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితోనే బిగించండి.