ప్లేస్టేషన్ ప్లస్‌కి డబ్బు కట్టే ముందు ఈ లెక్క వేసుకోండి

కొత్తగా పీఎస్5 (సోనీ గేమింగ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5) కొన్నవాళ్లు నన్ను మొదట అడిగేది ప్లస్, అంటే డబ్బు కట్టి తీసుకునే దాని సబ్‌స్క్రిప్షన్, తీసుకోవాలా వద్దా అనే. ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు, మీరు ఏం ఆడతారన్నదాన్ని బట్టే ఆ డబ్బు గిట్టుబాటవుతుందో దండగవుతుందో తేలుతుంది.

ముందు ఒక కాగితం మీద గత మూడు నెలల్లో ఆడిన గేమ్స్ పేర్లు రాయండి. నిజంగా ఆడినవే, ఆడాలనుకున్నవి కాదు. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్, వార్‌జోన్ లాంటి ఫ్రీ గేమ్స్ ఆన్‌లైన్‌లో ఆడటానికి ప్లస్ అక్కర్లేదు, ఇది తెలియక అనవసరంగా కట్టేస్తున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఈఏ ఎఫ్‌సీ (ఫుట్‌బాల్ గేమ్), జీటీఏ ఆన్‌లైన్ లాంటి కొనుక్కునే గేమ్స్‌కి మాత్రం ఉండాల్సిందే. పీఎస్3 రోజుల్లో ఆన్‌లైన్ ఆట ఉచితమే, 2013లో పీఎస్4తో ఈ షరతు వచ్చింది.

2022 జూన్‌లో ప్లస్‌ని మూడు రకాలుగా విడదీశారు. మన దేశంలో అవి ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్. ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్ ఆడటం, ప్రతి నెలా వచ్చే కొన్ని గేమ్స్, సేవ్ ఫైల్స్ (ఆటలో ఎక్కడిదాకా వచ్చామో గుర్తుంచే ఫైళ్లు) క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో దాచుకోవడం, ఇవన్నీ ఎసెన్షియల్‌లోనే ఉన్నాయి. ఎక్స్‌ట్రాలో వీటితోపాటు వందల గేమ్స్ ఉన్న కేటలాగ్ వస్తుంది. అయితే సోనీ సొంత పెద్ద గేమ్స్ సాధారణంగా విడుదలైన రోజే అందులోకి రావు, కాబట్టి కొత్త గేమ్ కోసమైతే ఇది తీసుకోకండి. కేటలాగ్‌లో మీరు ఇంతవరకు ఆడనివి, ఇకపై ఖచ్చితంగా ఆడేవి నాలుగు కనిపిస్తే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. డీలక్స్ పాత క్లాసిక్స్ మీద మక్కువ ఉన్నవాళ్లకే.

మా తమ్ముడు మొదటి రోజే డీలక్స్‌కి ఏడాది డబ్బు కట్టాడు. రాత్రి భోజనాలయ్యాక ఫ్రెండ్స్‌తో ఫుట్‌బాల్ తప్ప వాడు ఏడాదంతా ఇంకేమీ ఆడలేదు, ఎసెన్షియల్ సరిపోయేది. అందుకే కింది మెట్టు నుంచి మొదలుపెట్టమంటాను, కావాలంటే మధ్యలో పైదానికి మారొచ్చు. కాకపోతే అప్పుడు మిగిలిన రోజులన్నిటికీ తేడా కట్టాలి, రెండు మూడేళ్లకు ఒకేసారి కట్టి ఉంటే ఆ తేడా బాగా బరువవుతుంది.

నెలనెలా కట్టడం మాత్రం ఖరీదైన పద్ధతి. 2022లో ఎసెన్షియల్ నెలకు 499 రూపాయలు, ఏడాదికి 2,999, అంటే నెలవారీగా కడితే దాదాపు రెట్టింపు. తర్వాత రేట్లు పెరిగాయి కాబట్టి కట్టే రోజు స్టోర్‌లో చూసుకుని ఇదే లెక్క మళ్లీ వేయండి. సెలవుల్లో మాత్రమే ఆడే పిల్లలకైతే ఒక్క నెల చాలు.

కట్టాక చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. నెల గేమ్స్‌ని డౌన్‌లోడ్ చేయకపోయినా లైబ్రరీలో చేర్చి పెట్టండి, గడువు దాటితే ఆ అవకాశం పోతుంది. అవి మీ సొంతం కావని కూడా గుర్తుంచుకోండి. సబ్‌స్క్రిప్షన్ అయిపోయిన మర్నాడు టీవీ ముందు కూర్చుంటే గేమ్ బొమ్మ మీద చిన్న తాళం గుర్తు కనిపిస్తుంది, నొక్కితే తెరుచుకోదు. మళ్లీ కడితే తాళం పోతుంది. పీఎస్5 గేమ్స్ సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే వీలు లేదు, వంద గంటలు ఆడిన గేమ్ ఉన్నవాళ్లకు క్లౌడ్ ఒక్కటే అయినా డబ్బు కట్టడానికి తగిన కారణం.

ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ వేర్వేరు అకౌంట్లుంటే రెండు ప్లస్‌లు కొనకండి. ప్లస్ ఉన్న అకౌంట్‌లోంచి 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' ఆన్ చేస్తే అదే పీఎస్5లో రెండోవాళ్లు కూడా ఆన్‌లైన్ ఆడొచ్చు. క్లౌడ్ మాత్రం కట్టినవాళ్లకే.

చివరగా, కొన్న వెంటనే సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ అకౌంట్స్‌కి వెళ్లి, పేమెంట్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో ఆటో రెన్యూవల్ (గడువు అయిపోగానే దానంతటదే మళ్లీ డబ్బు కట్ అవడం) ఆపేయండి. ఆపినా కట్టిన గడువంతా ప్లస్ పనిచేస్తూనే ఉంటుంది.