గోదావరి మోడల్‌ను గేజీ రీడింగ్‌తో సరిచేయడం ఎలా?

భద్రాచలం దగ్గర గోదావరి మట్టాన్ని హెక్-రాస్ (నది ప్రవాహాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) మోడల్‌తో అంచనా వేస్తుంటే, గేజీ (నది మట్టం కొలిచే స్కేలు) రీడింగ్ కలపకుండా ఆ అంకె ఎవరికీ చెప్పకండి. మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. రెండడుగులు తప్పినా ఊళ్లు ఖాళీ చేయించే నిర్ణయం మారిపోతుంది.

ముందు రెండింటినీ ఒకే కొలతలోకి తీసుకురండి. గేజీ అడుగుల్లో, మోడల్ సాధారణంగా సముద్రమట్టం నుంచి మీటర్లలో ఉంటుంది. టైమ్ కూడా చూడండి, వాన డేటా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే ఐదున్నర గంటలు కలపాలి.

మోడల్ 47 అంది, గేజీ 49 చూపించింది అనుకుందాం. మోడల్ 2 అడుగులు, గేజీ 1 అడుగు అటూఇటూ కావచ్చనుకుంటే వర్గాలు 4, 1. గేజీకి ఇచ్చే వెయిట్ 4/(4+1), అంటే 0.8, తేడాను దానితో గుణించి 47కి కలిపితే 48.6. అంచనానూ కొలతనూ నమ్మకాన్ని బట్టి కలిపే కాల్మన్ ఫిల్టర్ అనే లెక్క చేసేది ఇదే.

అక్కడితో ఆపకండి. ఒక్కచోట మట్టం మారిస్తే మోడల్ కాసేపటికి మళ్లీ పాత దారే పడుతుంది, కాబట్టి ఎగువన పేరూరు వైపు నుంచి వచ్చే ప్రవాహాన్నీ సరిచేయాలి. అయితే దిగువన కూనవరం దగ్గర శబరి నది పొంగి నీళ్లు వెనక్కి తన్నుతున్నాయేమో ముందు చూసుకోండి, అలాంటప్పుడు పై ప్రవాహాన్ని పెంచితే లెక్క ఇంకా చెడుతుంది. దుమ్ముగూడెం రీడింగ్‌ను మాత్రం మోడల్‌కు ఇవ్వకుండా చెకింగ్‌కు ఉంచుకోండి.