చిన్న పచ్చళ్ల వ్యాపారానికి ఈమెయిల్ న్యూస్‌లెటర్ ఎలా మొదలుపెట్టాలి?

మా పిన్ని పచ్చళ్లు పెడుతుంది, వాటిని ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే పని నాది. మొదట్లో అంతా వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనే నడిచింది. కానీ కొత్త ఆవకాయ వచ్చిందని పోస్టు పెడితే అది ఎంతమందికి కనిపిస్తుందో మన చేతిలో ఉండదు. అంతకుముందు ఏడాది ఐదు కిలోలు తీసుకున్న ఒకావిడ ఆగస్టులో ఫోన్ చేసి, "వచ్చిందని నాకు తెలియనే లేదమ్మా, తెలిస్తే వేరేచోట కొనేదాన్నే కాదు" అన్నప్పుడు చాలా బాధేసింది. ఆ రోజే మెయిల్ ఐడీలు రాసుకోవడం మొదలుపెట్టాను. అకౌంటు ఆగిపోతే ఫాలోవర్లు దాంతోపాటే పోతారు. మెయిల్ ఐడీల లిస్టు అలా కాదు, ఏ సర్వీసుకు మారినా మన వెంట వస్తుంది. పైగా మా ఆర్డర్లలో చాలావరకు విదేశాల్లో ఉన్న మనవాళ్లవే, మనం ఇక్కడ నిద్రపోతుంటే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో వాళ్లు తీరిగ్గా మెయిల్ చదువుకుంటారు.

మొదట లిస్టు

అడిగి తీసుకున్న ఐడీలకే పంపండి. ఐదు వేల ఐడీలు ఇంత ధరకి ఇస్తామని మెసేజ్‌లు వస్తుంటాయి, వాటి జోలికి అస్సలు వెళ్లొద్దు, ఎందుకో కింద చెబుతాను. ఆర్డర్ ఫారంలో "కొత్త పచ్చళ్లు పెట్టినప్పుడు నాకు మెయిల్ పంపండి" అని ఒక గడి పెట్టండి, టిక్కు మాత్రం కస్టమరే పెట్టుకోవాలి, ముందే పెట్టి ఉంచకూడదు. మాకు ఎక్కువమంది వచ్చింది మాత్రం పార్సిల్‌లో వేసే చిన్న కార్డు వల్ల. దాని మీద ఒక క్యూఆర్ కోడ్, కింద "వచ్చే ఏడాది ఆవకాయ ఎప్పుడు పెడతామో ముందే తెలియాలంటే" అని ఒక్క మాట, అంతే. డబ్బా మూత తీసి రుచి చూసినప్పుడు ఉండే ఇష్టం ఇంకెప్పుడూ ఉండదు కదా.

ఇలా అడిగి తీసుకోవడం మర్యాద ఒక్కటే కాదు, మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడా స్పష్టమైన అనుమతి గురించే మాట్లాడుతుంది. అమెరికాలో వాళ్లకి వ్యాపార మెయిల్ పంపితే 2003 నాటి అక్కడి చట్టం ప్రకారం అడుగున మీ పోస్టల్ అడ్రసు, లిస్టులోంచి తప్పుకోవడానికి ఒక లింకు ఉండాలి, వద్దన్నవాళ్లని 10 పనిదినాల్లోపు తీసేయాలి.

పంపే సర్వీసు, సొంత డొమైన్

మొదటిసారి నేను మామూలు జీమెయిల్ నుంచే పంపాను. బీసీసీలో పెట్టాల్సిన ఐడీలన్నీ సీసీలో పెట్టేశాను, ఎనభై మంది కస్టమర్ల ఐడీలు ఒకరివి ఒకరికి కనిపించాయి. ఒక్కొక్కరికీ విడిగా క్షమాపణ రాయాల్సి వచ్చింది. ఆ పొరపాటు మీరు చేయొద్దు. పైగా ఉచిత జీమెయిల్‌లో రోజుకు 500 మందికి మించి పంపలేం. ఇందుకోసమే ఉన్న జోహో క్యాంపెయిన్స్, బ్రెవో, మెయిల్‌చింప్, మెయిలర్‌లైట్ లాంటి వాటిలో ఒకటి ఎంచుకోండి, మొదట్లో ఉచిత ప్లాన్ సరిపోతుంది. కొన్ని ఎంతమంది ఉన్నారని లెక్కిస్తాయి, కొన్ని ఎన్ని మెయిళ్లు వెళ్లాయని లెక్కిస్తాయి, అది చూసుకోండి. దేన్లో చేరినా నెలకోసారి లిస్టుని ఫైల్‌గా దింపి మీ దగ్గర దాచుకోండి.

ఈ సర్వీసుల్లో పంపేవారి అడ్రసుగా జీమెయిల్ ఐడీ పెడితే మెయిల్ స్పామ్‌లోకి వెళ్లే అవకాశం చాలా ఎక్కువ. షాపు పేరుతో సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో మీ షాపు అడ్రసు) కొని దాని ఐడీ నుంచి పంపండి. తర్వాత ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు సెట్టింగులు ఉంటాయి, పేర్లు చూసి టెన్షన్ పడొద్దు. మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకి ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ కవరు మీద లక్క ముద్ర లాంటిది, దారిలో ఎవరూ మార్చలేదని చూపిస్తుంది. ఈ రెండూ సరిపోకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. సర్వీసు వాళ్లే కొన్ని లైన్లు ఇస్తారు, వాటిని డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ అనే డొమైన్ సెట్టింగుల పేజీలో అతికించాలి. ఒక్కోసారి అవి పనిచేయడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, కాబట్టి మామిడికాయలు దిగే వారంలో కాకుండా ముందే చేసి పెట్టుకోండి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. స్పామ్ అని నొక్కేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ చెబుతోంది, అంటే వెయ్యి మందిలో ముగ్గురు. కొన్న లిస్టు వద్దన్నది ఇందుకే, ముక్కూ మొహం తెలియని ముగ్గురు విసుగ్గా ఆ బటన్ నొక్కితే మీ కోసం ఎదురుచూసే మిగతావాళ్లకి కూడా మెయిల్ చేరకుండా పోవచ్చు.

ఏం రాయాలి?

అందరూ ఆగిపోయేది ఇక్కడే. నేనూ ఆగిపోయాను, మొదటి మెయిల్‌లో ధరల పట్టిక, డిస్కౌంటు తప్ప ఏమీ రాయలేకపోయాను, దానికి ఒక్క రిప్లై కూడా రాలేదు. తర్వాత ఒకరోజు పిన్ని ఫోన్‌లో ఎవరికో "ముక్కకి తడి ఉంటే ఎంత నూనె పోసినా బూజు పడుతుందమ్మా, గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి, మూడో రోజు తిరగకలిపితేగానీ నూనె పైకి తేలుతుందో లేదో తెలీదు" అని చెబుతుంటే విన్నాను. అదే న్యూస్‌లెటర్! అప్పటినుంచి పిన్ని మాట్లాడేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకుని, దాదాపు అవే మాటలతో రాస్తున్నాను. మీ ఇంట్లో పని తెలిసినవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఇంకొకరైతే ఇలాగే చేయండి. చేసే మనిషి మాటలో ఉండే నమ్మకం మనం ఎంత అందంగా రాసినా రాదు.

ఒక మెయిల్‌కి ఒకే విషయం. ఈసారి కాయ పులుపెలా ఉంది, కారం ఎక్కడిది, డబ్బా తెరిచాక నూనె ఇంకిపోతే ఏం చేయాలి, ఇలా ఒకటి తీసుకుని పది పన్నెండు వాక్యాలు రాసి, చివర్లో ఆర్డర్ లింకు ఒకటే పెట్టండి.

సబ్జెక్ట్ లైన్ ఫోన్‌లో కొంతే కనిపిస్తుంది, అసలు మాట ముందే రావాలి. "మా వినియోగదారులందరికీ నమస్కారం" కన్నా "ఆవకాయ సోమవారం పెడుతున్నాం" నయం.

మొత్తం ఉత్తరాన్ని పోస్టర్‌లా ఒకే బొమ్మగా పంపకండి, బొమ్మలు తెరుచుకోని మెయిల్‌లో అది ఖాళీ పేజీ. ఇంకొకటి, మెయిల్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి దాచేస్తుంది. తెలుగులో ఒక్కో గుర్తుకి ఇంగ్లిష్ అక్షరం కన్నా మూడు రెట్లు చోటు పడుతుంది, అక్షరం, దాని గుణింతం గుర్తు విడివిడిగా లెక్కకొస్తాయి. హంగుల టెంప్లేట్‌లో పొడుగ్గా రాస్తే, ఆర్డర్ లింకు అడుగునే ఉంటుంది కాబట్టి, పోయేది అదే. సాదా టెంప్లేట్ చాలు.

పంపేముందు, పంపాక

మీకు మీరు పంపుకుని ఫోన్‌లో, కంప్యూటర్‌లో చూడండి. లింకు నొక్కండి, ధర సరిచూడండి. నెలకి ఒకటి చాలు, మామిడికాయ సీజన్‌లో మాత్రం మేం వారానికి ఒకటి పంపుతాం, ఆ సంగతి లిస్టులో చేరేటప్పుడే చెబుతాం.

ఎంతమంది తెరిచారన్న అంకెని మరీ నమ్మకండి. 2021లో ఆపిల్ తెచ్చిన మార్పు వల్ల, వాళ్ల మెయిల్ యాప్‌లో మనిషి చూడకపోయినా తెరిచినట్టే లెక్క పడొచ్చు. లింకు ఎంతమంది నొక్కారు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఎవరు రిప్లై ఇచ్చారు, ఇవి చూడండి. ఏడాదిగా ఏ కదలికా లేనివాళ్లని "ఇంకా పంపమంటారా?" అని ఒకసారి అడిగి, జవాబు రాకపోతే తీసేయండి.

రిప్లైలో వచ్చిన ప్రతి ప్రశ్ననీ నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. నిల్వ గోంగూరకి పోపు అంతా ఒకేసారి వేయాలా, తినేటప్పుడు కొంచెం కొంచెం వేసుకోవాలా అని పోయిన నెల నలుగురు అడిగారు. ఈ ఆదివారం పిన్ని ఖాళీగా ఉంటానంది, రికార్డింగ్‌కి కూర్చుంటున్నాం.