భారరహిత స్థితిలో పనిచేసే వ్యాయామ పరికరాన్ని రూపొందించే విధానం

కక్ష్యలో కాళ్లకు, నడుముకు శరీర భారాన్ని మోసే పని ఉండదు. తగిన వ్యాయామం లేకపోతే వ్యోమగామి తుంటి ఎముకల సాంద్రత నెలకు సుమారు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది, పిక్కల కండరాలు, వెన్ను కండరాలు సన్నబడతాయి, గుండె పటుత్వం కూడా సన్నగిల్లుతుంది. కాబట్టి చిత్తుబొమ్మ గీయడానికి ముందే, పరికరం ఏ ఎముకకు, ఏ కండరానికి ఎంత బలం అందించాలో నిర్ణయించుకోవాలి.

ఈ లెక్కలో తరచూ మరచిపోయేది ఒంటి బరువు. నేల మీద గుంజీళ్లు తీసే వ్యక్తి భుజాల మీది బరువుతో పాటు తన శరీరంలో అధిక భాగాన్ని కూడా పైకి ఎత్తుతాడు. కక్ష్యలో ఆ భాగాన్ని కూడా పరికరమే భర్తీ చేయాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మొదట వాడిన, సాగే పదార్థంతో పనిచేసే పరికరం సుమారు 136 కిలోలకే పరిమితం కాగా, 2008లో అక్కడికి చేరిన ఏరెడ్ అనే వ్యాయామ యంత్రం 272 కిలోల వరకు నిరోధం ఇవ్వగలగడానికి ఈ అవసరమే ప్రధాన కారణం.

తరువాత, ఆ బలం ఎక్కడి నుంచి రావాలో ఎంచుకోవాలి. రబ్బరు తేలికైనదే గాని, సాగేకొద్దీ నిరోధం పెరుగుతుంది, వాడకంతో అలసిపోతుంది. ఏరెడ్‌లో గాలి తీసేసిన సిలిండర్ల పిస్టన్లపై క్యాబిన్ గాలి పీడనం పనిచేస్తుంది కనుక కదలిక పొడవునా నిరోధం దాదాపు సమానంగా ఉంటుంది. నిజమైన ఇనుప బరువుకుండే జడత్వాన్ని తెచ్చేందుకు దానికి ఫ్లైవీల్‌లు, అంటే బరువైన తిరిగే చక్రాలు జోడించారు. నివాసయోగ్యమైన స్థలం సుమారు 9 ఘనపు మీటర్లే ఉన్న నాసా ఓరియన్ వంటి వ్యోమనౌకకు అంత పెద్ద యంత్రం సాధ్యం కాదు. అక్కడ తాడు చుట్టిన ఫ్లైవీల్‌నే ఎంచుకోవడం సరైనది. లాగినప్పుడు చక్రంలో చేరిన శక్తి తాడును తిరిగి లాగుతుంది కాబట్టి, కండరం సాగుతూ కూడా పనిచేయవలసి వస్తుంది.

వ్యాయామం చేసే వ్యక్తి ఎంత బలంగా తోస్తే నౌక మీదా అంతే ప్రతిచర్య పడుతుంది. అందుకే పరికరాన్ని గోడకు నేరుగా బిగించకుండా స్ప్రింగులు, కుదుపును అణచే డ్యాంపర్ల మీద నిలపాలి. అడుగుల లయ నౌక నిర్మాణపు సహజ పౌనఃపున్యంతో, అంటే అది తనంతట తాను కంపించే వేగంతో కలవకుండా చూడాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ, వ్యోమగామిని ట్రెడ్‌మిల్ వైపు లాగి ఉంచే ఒంటి పట్టీలకు దక్కాలి. మోటారు ఎంత గొప్పదైనా, భుజాలు ఒరుసుకుపోతుంటే వ్యోమగామి పూర్తి శరీర భారంతో పరుగెత్తలేడు, తగ్గించిన భారం ఎముకకు చాలదు. భారాన్ని భుజాలకు, తుంటికి పంచి, పరుగు మధ్యలోనే ఆ వాటాను మార్చుకునే వీలు కల్పించాలి. అంతరిక్షంలో వెన్నెముక సాగి ఎత్తు పెరుగుతుంది కాబట్టి, నేల మీద తీసిన కొలతకు మించి సర్దుబాటు ఉంచాలి. చెమట జారిపోకుండా చర్మానికే అంటుకుంటుంది, వదిలిన ఊపిరి ముఖం చుట్టూ నిలిచిపోతుంది. కనుక గాలి ప్రవాహం ముఖం మీదుగా సాగాలి.

పరీక్షలకు రెండు మార్గాలను కలిపి వాడాలి. వంపు మార్గంలో పైకి లేచి కిందికి దిగే పారాబోలిక్ విమానంలో ఒక్కో విడతకు 20 సెకన్లకు పైగా లభించే భారరహిత స్థితిలో పట్టు, పట్టీలు, ఎక్కి దిగే తీరు తెలుస్తాయి. శరీరంపై ప్రభావం తెలియాలంటే భారరహిత స్థితిని అనుకరించేలా తలవైపు 6 డిగ్రీలు కిందికి వాల్చిన మంచంపై వారాల తరబడి పడుకోబెట్టే ప్రయోగాలు కావాలి. తాడు తెగేదాకా అరుగుదల పరీక్ష కూడా చేసి, నౌకలో ఉండే పనిముట్లతోనే ఒక్కరే దాన్ని మార్చగలరో లేదో చూడాలి.