వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లు ‘డైరెక్ట్’లో కలిసిపోకుండా

పచ్చళ్లో చీరలో ఆన్‌లైన్‌లో అమ్ముతూ లింకును ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే పంపేవాళ్లు గూగుల్ అనలిటిక్స్‌లో (సైట్‌కి ఎంతమంది ఎక్కడి నుంచి వచ్చారో లెక్క చెప్పే టూల్) ‘డైరెక్ట్’ అనే వరస చూడండి, అక్కడ బోలెడంతమంది కనబడతారు. వాళ్లంతా మీ సైట్ అడ్రస్ గుర్తుపెట్టుకుని టైప్ చేశారనుకోకండి. వాట్సాప్‌లో లింక్ నొక్కితే ఎక్కడి నుంచి వచ్చారన్నది చాలాసార్లు సైట్‌కి అందదు, అలా ఊరూపేరూ తెలియని రాకలన్నిటినీ అనలిటిక్స్ డైరెక్ట్ ఖాతాలో వేసేస్తుంది.

దీనికి గూగుల్ వాళ్ల ‘క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్’ ఉంది, ఉచితమే. మీ లింక్ అందులో పెట్టి సోర్స్ దగ్గర వాట్సాప్, మీడియం దగ్గర గ్రూప్, క్యాంపెయిన్ దగ్గర సంక్రాంతి అని ఇంగ్లిష్‌లో నింపితే, చివర యూటీఎం తోకతో (మీరు నింపిన ఆ మూడు వివరాలూ ఉండే ముక్క) కొత్త లింక్ ఇస్తుంది, దాన్నే పంపండి. ఇన్‌స్టా బయోకి వేరే లింక్, పాంప్లెట్ మీద క్యూఆర్ కోడ్‌కి వేరే. తర్వాత అనలిటిక్స్‌లోని ‘ట్రాఫిక్ అక్విజిషన్’ రిపోర్టులో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, వాళ్లలో ఎంతమంది కొన్నారో విడివిడిగా తెలుస్తుంది (కొనుగోళ్ల ట్రాకింగ్ ముందే పెట్టి ఉండాలి లెండి).

అన్నీ చిన్న అక్షరాల్లోనే రాయండి. ఒకసారి పెద్ద డబ్ల్యూ, ఇంకోసారి చిన్నది వాడితే రెండు వేర్వేరు సోర్సులుగా లెక్కేస్తుంది, మహా చిరాకు. మీ సైట్‌లోనే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే లింకులకు మాత్రం ఈ తోక తగిలించొద్దు, అసలు సోర్స్ లెక్క గందరగోళమవుతుంది.

పనిలో పనిగా అనలిటిక్స్ సెట్టింగ్స్‌లో డేటా రిటెన్షన్ (డేటాని ఎన్నాళ్లు దాచాలన్నది) 2 నెలలు అని ఉంటే 14కి మార్చేయండి. లేకపోతే ‘ఎక్స్‌ప్లోర్’లో (సొంతంగా రిపోర్టులు తయారుచేసుకునే చోటు) పోయిన పండగతో ఈ పండగని పోల్చడం కుదరదు.