చెవి బయట పెట్టుకునే ఇయర్‌ఫోన్స్ కొంటున్నారా? వానలు ముదరకముందే ఇది చదవండి

వానాకాలం మొదలైతే చాలు, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా మొబైల్ యాక్సెసరీస్ కొట్టుకు కుర్రాళ్లు ఒకటే ప్రశ్నతో వస్తారు: "అన్నా, చెవి లోపలికి పోనివి ఏమున్నయ్?" చెవిలో దురద, చీము, ఫంగస్. అసలే గాలిలో తేమ, పైగా రబ్బరు టిప్ గంటల తరబడి చెవి రంధ్రాన్ని మూసేస్తే లోపలి చెమ్మ ఆరదు. అది తగ్గేదాకా లోపలికి దూర్చేవి మానేయమంటారు డాక్టర్లు. మంచి సలహానే.

ఇప్పుడు ఇది రాయడానికి మాత్రం కారణం వేరు. మా దగ్గర ఎప్పుడూ కొనే ఒక గ్రూప్స్ అభ్యర్థి మొన్న వినికిడి పరీక్ష రిపోర్టు తెచ్చి చూపించాడు. అందులో రెండు చెవుల గీతా 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి ధ్వనుల దగ్గర, కిందికి పడిపోయింది. పెద్ద శబ్దానికి చెవి దెబ్బతిన్నవాళ్లలో తరచుగా కనబడే గుర్తు ఇది. మనుషుల మాట వినపడుతుంది గానీ స, శ, ష లాంటి సన్నటి ధ్వనులు జారిపోతాయి. నలుగురిలో ఉంటే ఎవరేమన్నారో అర్థం కాదు. అతను వాడేది బయట ఆనించుకునే రకమే. "నేను లోపలికి పెట్టుకోలే కదన్నా" అంటాడు. రోజూ ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వస్తూ పోతూ క్లాసులు వినేవాడు. వాల్యూమ్ ఎప్పుడూ చివరిదాకా.

తప్పు ఇయర్‌ఫోన్స్‌ది కాదు. మోతలో వాల్యూమ్ పెంచడమే తప్పు.

బయట రకం చెవిని మూయదు. హాయిగా ఉండేది అందుకే, బయటి గోలంతా చెవిలో పడేదీ అందుకే. ఇంజను, హారన్లు, జనం మాటలు కలిసి బస్సులో 80 డెసిబెల్స్ దాటడం మామూలే. సారు గొంతు వినపడాలంటే దాని మీదికి ఎక్కాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి పడిపోతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. 95 దగ్గర వారం మొత్తానికీ గంటా పావే. బస్సులో రెండు పూటలా వినేవాడు సోమవారం సాయంత్రానికే వారం కోటా తినేస్తాడు. పిల్లలకు ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్ దగ్గరే 40 గంటలు.

కొన్న నెలకు తిరిగొచ్చి "సౌండ్ తక్కువొస్తోంది, ఇంకా లౌడ్‌వి ఇవ్వు" అనేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. ఇయర్‌ఫోన్స్ జాలీలో దుమ్ము చేరినా సౌండ్ తగ్గుతుంది, ముందు అది తుడిచి చూస్తాను. శుభ్రంగానే ఉంటే ఇంకా లౌడ్‌వి అమ్మను, చెవి డాక్టర్ దగ్గరికి పొమ్మంటాను.

ఏ రకం ఎవరికి

గుండ్రటి పాత రకం వైర్డు బడ్స్: చెవి డొప్పలో ఆనుకుని ఉంటాయి. ఐదొందల లోపే మంచివి దొరుకుతాయి. చిన్న చెవులున్నవాళ్లకు అరగంటలో నొప్పి పుడుతుంది, కాబట్టి పెట్టుకుని పది నిమిషాలు కొట్టులోనే నిలబడండి. పలచటి ఫోమ్ తొడుగు వేస్తే జారవు, గుచ్చుకోవు, బేస్ కూడా కాస్త పెరుగుతుంది. ఆపిల్ ఇయర్‌పాడ్స్ ఆకారంలోవి గట్టి ప్లాస్టిక్. కొందరికి అచ్చంగా సరిపోతాయి, కొందరికి అసలు నిలవవు. వేరేవాళ్లకు బాగున్నాయని మీరు కొనొద్దు.

చెవి మీద ఆనే ఫోమ్ హెడ్‌ఫోన్స్: వాక్‌మన్ రోజుల నాటి రకం. ఇంట్లో క్లాసులు వినడానికి నా ఓటు వీటికే. ఎవరూ కొనరు, పాతగా కనిపిస్తాయట.

చెవి వెనక కొక్కెంలా తగిలించేవి: చెవిలో ఏమీ పెట్టినట్టే ఉండదు. కళ్లజోడు ఉంటే దాని కాడా, ఈ కొక్కెమూ ఒకే చోట ఒత్తుకుంటాయి. కళ్లజోడుతోనే పెట్టి చూడండి.

క్లిప్పువి: చెవి అంచుకు పట్టుకుంటాయి. బుట్టకమ్మలు, మాటీలు, రెండో కుట్టు ఉన్న ఆడవాళ్లకు వీటితో తిప్పలే.

బోన్ కండక్షన్‌వి: కణతల దగ్గర ఎముక ద్వారా శబ్దం పంపుతాయి. మంచి కంపెనీవి ఖరీదెక్కువ. "కర్ణభేరి దాకా పోదు కాబట్టి వినికిడికి ఢోకా లేదు" అని చెప్పి అమ్మేవాళ్లున్నారు. నమ్మకండి. ఏ దారిన వెళ్లినా శబ్దం చేరేది లోపలి చెవిలో నత్త గుల్లలా చుట్టుకుని ఉండే భాగానికే. దెబ్బతినే సన్నటి వెంట్రుక కణాలు ఉన్నదీ అందులోనే. అవి పోతే తిరిగి మొలవవు. కాబట్టి వీటితోనూ మోతలో వాల్యూమ్ పెంచొద్దు.

కొనేటప్పుడు

టైప్-సి పిన్ వైర్డువి మీ ఫోన్‌కే పెట్టి వినండి. లోపల డాక్ చిప్ (ఫోన్ డిజిటల్ సిగ్నల్‌ను శబ్దానికి మార్చేది) లేనివి కొన్ని ఫోన్లలో పలకనే పలకవు. పాట కాదు, మాట్లాడే వీడియో పెట్టి వినండి. చెవిని మూయని రకానికి బేస్ తక్కువే ఉంటుంది, దాని స్వభావం అది. బేస్ కోసం సౌండ్ పెంచేవాడు మళ్లీ అదే గుంటలో పడతాడు. వైర్‌లెస్‌వి అయితే పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి. సీల్ తీసినవి చాలామంది వెనక్కి తీసుకోరు, ముందే అడగండి.

ఇక వాడేటప్పుడు.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చుని, మాట స్పష్టంగా వినపడే వాల్యూమ్ ఎక్కడుందో చూసుకోండి. మీ హద్దు అదే. బస్సులో ఆ హద్దులో వినపడకపోతే క్లాసు ఆపేయండి. నోట్స్ చదువుకోండి. నిద్రపోండి. పెంచొద్దు.

ఫోన్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లిమిట్ ఉంటే ఇవాళే పెట్టండి. ఐఫోన్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీ కింద ఉంటుంది.

ఒక్క చెవికే పెట్టుకుని వినే అలవాటు మానండి. ఒక చెవితో వింటే అదే మాటకు ఎక్కువ సౌండ్ కావాలి.

బయటివి వినపడతాయి కదా అని బండి మీద పెట్టుకోవద్దు. సౌండ్ పెంచితే వెనక లారీ హారన్ కూడా వినపడదు.

రోజుకు రెండు గంటలు మించొద్దని 2025లో కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. ఆరు గంటల క్లాసులుంటే గదిలో స్పీకర్ పెట్టుకోండి. రూమ్మేట్ తిడితే తిట్టనివ్వండి.

తడి చెవికి పెట్టొద్దు. తల తుడుచుకుని, చెవులు ఆరాక పెట్టండి.

ఫోమ్ తొడుగులు సబ్బుతో ఉతికి పూర్తిగా ఆరనివ్వండి. వాసన వస్తే పారేయండి.

వానలో తడిసిన బడ్స్‌ను వెంటనే ఛార్జింగ్ డబ్బాలో పెట్టొద్దు. ఐపీఎక్స్4 (నీటి తుంపర్లను తట్టుకుంటుంది) అని రాసినా చాలావాటిలో అది బడ్స్‌కే, డబ్బాకు కాదు.

ఒకరివి ఒకరు వాడొద్దు. అన్నదమ్ములైనా సరే.

చీము కారుతుంటే ఏ రకమూ వద్దు, బయటిదైనా సరే. వెల్లుల్లి నూనె పోయొద్దు. పిన్నీసు పెట్టొద్దు.

విన్నాక చెవిలో గుయ్‌మంటోందా, మాటలు దూది అడ్డం పెట్టినట్టున్నాయా? ఆ సౌండ్ మీ చెవికి ఎక్కువైంది. తగ్గించండి. మర్నాటికీ అలాగే ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం ఆగిపోతే గులిమి అడ్డుపడిందిలే అనుకుని వారం చూడొద్దు. అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి. ఆలస్యమయ్యే కొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

వానకు బస్సు అద్దాలన్నీ మూసేస్తారు, లోపలి గోల ఇంకా పెరుగుతుంది. అప్పుడూ వాల్యూమ్ పెంచొద్దు.