చక్కెర గొలుసులు చదువుదాం – 4వ పాఠం: బీటా గ్లూకాన్ పేరులోని అంకెలు

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. అణుభారం 3,24,000 ఉన్న గ్లూకాన్ గొలుసులో, అంటే గ్లూకోజులే ఒకదానికొకటి ముడిపడిన గొలుసులో, గ్లూకోజులు ఎన్ని అని అడిగాను. గ్లూకోజ్ అణుభారం 180. అయితే రెండు గ్లూకోజులు ముడిపడిన ప్రతిసారీ ఒక నీటి అణువు బయటికి పోతుంది, దానితోపాటు 18 పోతుంది. కాబట్టి గొలుసులో ఒక్కో గ్లూకోజ్ వాటా 162. జవాబు 2,000. 1,800 వచ్చినవారు 180తో భాగించారు. ఈ 162ను ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, చివరి పాఠం దాకా మనతో ఉంటుంది.

ఇక ఈసారి పని. ఓట్స్, ఈస్టు, పుట్టగొడుగులు, సముద్రపు నాచు: అన్నింటిలోనూ బీటా గ్లూకాన్ ఉందంటారు. నిజమే. అన్నీ గ్లూకోజ్ ఒక్కదానితోనే అల్లినవి, అన్నింటిలోనూ ముడులు బీటా ముడులే. అయినా ఒకటి నీటిని చిక్కగా మారుస్తుంది, ఒకటి అడుగున పొడిలా కూర్చుంటుంది, ఇంకొకటి వేడి తగిలితే గడ్డకడుతుంది. ఇంత తేడా రావడానికి మొదటి కారణం, ముడి ఏ కార్బన్ దగ్గర పడిందన్నది. పేరులోని అంకెలు చెప్పేది అదే. వాటిని చూసి ఆ పదార్థం నీటిలో ఎలా ఉంటుందో ఊహించగలగడమే ఈ పాఠం.

కాగితం తీసుకుని ఒక షడ్భుజి గీయండి, రెండు మూలలు కుడి ఎడమలకు చూసేలా. కుడి కొసన ఉన్న మూలకు 1 వేసి, గడియారం ముల్లు తిరిగే వైపు 2, 3, 4, 5 వేయండి. మిగిలిన ఆరో మూలలో ఆక్సిజన్. మరి ఆరో కార్బన్? అది వలయంలో లేదు, ఐదో కార్బన్ మీద పైకి నిలబడి ఉంటుంది. ఒకటో కార్బన్ నుంచి వచ్చే ముడి కూడా అదే వైపు, పైకి ఉంటే బీటా అని మూడో పాఠంలో చూశాం.

ఇప్పుడు బొమ్మను తీరిగ్గా చూడండి. 1కి సరిగ్గా ఎదురుగా ఉన్నది 4. ఒక గ్లూకోజ్ 1వ కార్బన్ పక్క గ్లూకోజ్ 4వ కార్బన్‌తో ముడిపడితే దాన్ని 1→4 అని రాస్తాం. కాబట్టి 1→4 ముడులతో గొలుసు కడితే అది నిటారుగా సాగిపోతుంది. 3 మాత్రం ఎదురుగా లేదు, పక్కకు జరిగి ఉంది. 1→3 ముడి పడిన ప్రతిచోటా గొలుసు కాస్త వంగుతుంది, అదే వంపు మళ్లీ మళ్లీ వస్తే మెలిక తిరుగుతుంది. 6 వలయం బయట ఉంది కనుక అక్కడి ముడి తలుపు బందులా అటూ ఇటూ తిరగగలదు. ఈ మూడు మాటలు బొమ్మలో మీ కంటితో మీరు చూసేదాకా కింది భాగానికి వెళ్లవద్దు.

అంతా 1→4 అయితే అది సెల్యులోజ్. ఒక్కో గ్లూకోజ్ ముందుదానికి సగం చుట్టు తిరిగి కూర్చుంటుంది, గొలుసు సన్నని పట్టీలా ఉంటుంది. పట్టీలు ఒకదానికొకటి ఆనుకుని హైడ్రోజన్ బంధాలతో బిగిసిపోతాయి, నీటికి చొరబడే సందు ఉండదు. మీరు బొమ్మ గీసిన కాగితంలో ఎక్కువ భాగం అదే. రసాయన నిర్మాణాన్ని బట్టి సెల్యులోజ్ కూడా బీటా గ్లూకానే, వాడుకలో మాత్రం దాన్ని ఆ పేరుతో పిలవరు.

అంతా 1→3 అయితే కర్డ్‌లాన్. దీన్ని ఒక బాక్టీరియా తయారుచేస్తుంది. చల్లని నీటిలో కరగదు, క్షారంలో కరుగుతుంది. నీటిలో కలిపి 60 డిగ్రీల దాకా వేడిచేసి చల్లారిస్తే మెత్తని గడ్డ కడుతుంది, మళ్లీ వేడిచేస్తే ఆ గడ్డ విడిపోతుంది. 80 డిగ్రీలు దాటించి వేడిచేస్తే మాత్రం గట్టిపడుతుంది, ఇక వెనక్కి రాదు. గొలుసులు మూడేసి కలిసి ముప్పేటగా మెలికపడి, ఆ ముప్పేటలు ఒకదానికొకటి పెనవేసుకోవడమే ఈ గట్టిదనానికి కారణం. యూగ్లీనా తన కణంలో గింజలుగా దాచుకునే పారామైలాన్, మొక్కలు గాయమైన చోట పూసుకునే కాలోజ్ కూడా ప్రధానంగా 1→3 గొలుసులే.

ఓట్స్, బార్లీ దగ్గర కాసేపు ఆగుదాం. వీటి గ్లూకాన్‌లో 1→4, 1→3 రెండూ ఉన్నాయి. చెంచాడు ఓట్స్ పిండిని గోరువెచ్చని నీటిలో వేసి, అరగంట అప్పుడప్పుడూ కలిపి వడకట్టండి. మరిగించవద్దు, మరిగిస్తే పిండిపదార్థం కూడా చిక్కబడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ నీటిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. జారుడుగా, జిగురుగా తగిలేది ఈ పొడవాటి గొలుసే. రెండు 1→4 ముడులతో మూడు గ్లూకోజులు నిటారుగా నిలుస్తాయి, తర్వాత ఒక 1→3 వంపు. లేదా మూడు 1→4 ముడులతో నాలుగు గ్లూకోజులు, తర్వాత వంపు. మూడింటి ముక్కలు, నాలుగింటి ముక్కలు కలిసి గొలుసులో సుమారు తొంభై శాతం. 1→3 ముడులు రెండు పక్కపక్కన రావు. వంపులు క్రమం తప్పి రావడం వల్ల గొలుసులు సెల్యులోజ్‌లా ఒద్దికగా పేర్చుకోలేవు. ఆ సందుల్లోకి నీరు దూరుతుంది, గొలుసు కరుగుతుంది.

చిన్న లెక్క వేద్దాం. మూడింటి ముక్కలు రెండు, నాలుగింటి ముక్క ఒకటి ఉన్నాయనుకోండి. గ్లూకోజులు 6 + 4 = 10. ముక్కకు ఒక్కటి చొప్పున 1→3 ముడులు 3, మిగిలినవి 7. అంటే 30 శాతం, 70 శాతం. ధాన్యపు గ్లూకాన్‌లో 1→3 సుమారు ముప్పై శాతమని చదివినప్పుడు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఇక మీకు తెలుసు.

మూడింటి ముక్కలకూ నాలుగింటి ముక్కలకూ ఉన్న ఈ నిష్పత్తి ఓట్స్‌లో సుమారు 1.5 నుంచి 2.3, బార్లీలో 1.8 నుంచి 3.5, గోధుమలో 3 నుంచి 4.5 దాకా ఉంటుంది. నిష్పత్తి పెరిగేకొద్దీ ఒకే రకం ముక్కలు వరుసగా వస్తాయి. వరుస కుదిరితే గొలుసులు మళ్లీ పేర్చుకోగలవు, కాబట్టి కరుగుదల తగ్గి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దీన్ని కొలవడానికి లైకెనేజ్ అనే ఎంజైమ్ ఉంది. 1→3 ముడి వెంటనే వచ్చే 1→4 ముడినే వెతికి కోస్తుంది. ఎక్కడపడితే అక్కడ కోయదు కనుకనే మూడింటి ముక్కలు, నాలుగింటి ముక్కలు చెక్కుచెదరకుండా చేతికొస్తాయి. ఇంత నికార్సైన కత్తెర ప్రకృతిలోనే దొరకడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

జిగట మాత్రం అంకెలను బట్టే రాదు, గొలుసు పొడవూ ముఖ్యమే. గింజలోని ఎంజైములు గొలుసును తెగ్గొడితే గ్లూకాన్ బరువు అంతే ఉంటుంది, జిగట పడిపోతుంది.

ఇక కొమ్మలు. ఈస్టు కణకవచంలో 1→3 గొలుసులకు 1→6 కొమ్మలుంటాయి, కైటిన్‌తో కలిసి అది గోడలా బిగిసి ఉంటుంది, కరగదు. గోధుమరంగు సముద్రపు నాచులోని లామినారిన్ కూడా 1→3 మీద కొన్ని 1→6 ముడులున్నదే, కానీ దాని గొలుసు పొడవు పాతిక గ్లూకోజుల చుట్టుపక్కలే. షైజోఫిలాన్ అనే పుట్టగొడుగు గ్లూకాన్‌లో ప్రతి మూడో గ్లూకోజ్ మీద ఒకే ఒక్క గ్లూకోజ్ 1→6 ముడితో నిలబడి ఉంటుంది. ఇదీ కర్డ్‌లాన్‌లాగే ముప్పేట మెలిక. అయితే ఈ కొమ్మలు మెలిక బయటికి పొడుచుకొచ్చి ముప్పేటలను దూరదూరంగా ఉంచుతాయి, అందుకే నీటిలో కరుగుతుంది. వెన్నెముక అదే అయినా, మూడింటికొక్క కొమ్మ చేరగానే గుణం మారిపోయింది.

అందుకే ఒక గ్లూకాన్ గుణాన్ని మరోదానికి అంటగట్టవద్దని గట్టిగా చెబుతాను. ఓట్స్ గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందన్న మాట ప్రధానంగా జిగట మీద ఆధారపడింది. రోగనిరోధక కణాల మీద ఉండే డెక్టిన్-1 అనే గ్రాహకం ముఖ్యంగా పట్టుకునేది 1→3 గొలుసులను. రెండూ వేర్వేరు విషయాలు.

చివరగా, ముడి ఎక్కడుందో ప్రయోగశాలలో ఎలా కనుక్కుంటారు? ఖాళీగా ఉన్న ప్రతి హైడ్రాక్సిల్‌కూ (OH గుంపుకూ) మిథైల్ (CH₃ గుంపు) తొడిగి, తర్వాత గొలుసును గ్లూకోజులుగా తెంచుతారు. ముడి ఉన్నచోట మిథైల్ పడదు. 1→3 గొలుసు నడుమ ఉన్న గ్లూకోజ్‌కు 2, 4, 6 మీద మిథైల్ ఉంటుంది, 3 బోసిగా ఉంటుంది. కొమ్మ మోసేదానికి 2, 4 మీదే. కొసన ఉన్నదానికి 2, 3, 4, 6 నాలుగింటి మీదా. షైజోఫిలాన్‌లో నాలుగు గ్లూకోజులకు ఇవి వరుసగా 2, 1, 1 చొప్పున వస్తాయి.

వచ్చే పాఠానికి అభ్యాసం:

షిటాకే పుట్టగొడుగులోని లెంటినాన్‌లో వెన్నెముకలోని ప్రతి ఐదు గ్లూకోజులకు రెండు 1→6 కొమ్మలు, ఒక్కోటి ఒక్క గ్లూకోజే. మిథైల్ లెక్క ఎంత?

మూడింటి, నాలుగింటి ముక్కల నిష్పత్తి 3 ఉన్న ధాన్యపు గ్లూకాన్‌లో 1→3 ముడులు ఎంత శాతం?

ఒక లైకెన్ నుంచి తీసిన గ్లూకాన్‌లో దాదాపు అన్ని గ్లూకోజులకూ 2, 3, 4 మీద మిథైల్ కనిపించింది. ముడి ఎక్కడుంది? మీ షడ్భుజి బొమ్మ మీద గీసి చూపండి.